బీచ్ లేని ఊళ్లో తీరం శుభ్రం: చెరువు కట్ట మీద నాన్నలూ పిల్లలూ

సెప్టెంబరు మూడో శనివారం వచ్చిందంటే చాలా దేశాల్లో సముద్ర తీరాల మీద జనం గ్లవ్స్ తొడుక్కుని చెత్త ఏరుతూ కనిపిస్తారు. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో ఇద్దరు మహిళల చొరవతో ఇది మొదలైంది. వాళ్లు చెత్త ఏరించి ఊరుకోలేదు, ఏరిన ప్రతి వస్తువునూ కాగితం మీద లెక్క రాయించారు. దశాబ్దాల పాటు ఆ పట్టికలో సిగరెట్ పీకలదే మొదటి స్థానం. 2019 లెక్కల్లో తొలిసారి తినుబండారాల రేపర్లు వాటిని దాటాయి. ఏటా లక్షల మంది చేసే ఈ పనికి ఇప్పటికీ విలువ ఉందంటే అది ఆ లెక్కల పుణ్యమే.

హైదరాబాద్‌కు బీచ్ లేదు. వైజాగ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఈ మాట అనడానికి చిన్న సందు దొరికినా వదలరు. బీచ్ లేకపోతేనేం, చెరువులున్నాయి. పాత జీహెచ్‌ఎంసీ లెక్కల్లోనే 185. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటి హుస్సేన్‌సాగర్, ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు, మీరాలం, సరూర్‌నగర్, కాప్రా, సఫిల్‌గూడ, నెక్నాంపూర్... వీటిలో ఏదో ఒక కట్ట మీద ఆదివారం పొద్దున్నే కాలనీ సంఘాల వాళ్లో, ఐటీ కంపెనీల వాళ్లో సంచులు పట్టుకుని దిగుతున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే నాన్నలూ వాళ్లలో ఉంటారు. నాన్నలే ఎందుకంటే దానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు. ఆదివారం నాన్నకు సెలవు. అమ్మకు ఆదివారమే వంట ఎక్కువ.

ఇలా ఏరితే చెరువు బాగుపడుతుందా? ఉన్నమాట చెప్పుకోవాలంటే, పెద్దగా బాగుపడదు. హైదరాబాద్ చెరువుల అసలు జబ్బు కట్ట మీది చెత్తతో వచ్చింది కాదు, నాలాల్లోంచి లోపలికి దిగే మురుగుతో వచ్చింది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది. అప్పటికి నగరంలో రోజూ పుట్టే మురుగులో సగం కూడా శుద్ధి కావడం లేదు. హుస్సేన్‌సాగర్ సంగతైతే చెప్పనక్కర్లేదు. కూకట్‌పల్లి నాలా దశాబ్దాల తరబడి ఇళ్ల మురుగుతో పాటు ఫ్యాక్టరీల వ్యర్థాలనూ తెచ్చి అందులో పోసింది.

శుద్ధి కాని మురుగులో నైట్రోజన్, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి. పొలంలో ఎరువు చేసే పనే ఇవి చెరువులో చేస్తాయి, కాకపోతే పెరిగేది వరి కాదు, గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అది నీటిని కప్పేశాక కింద వెలుతురు ఉండదు, ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి, కదలని నీళ్లలో దోమలు పెరుగుతాయి. ఉత్సాహవంతులు ఒడ్డున నిలబడి దాన్ని లాగి కట్ట మీద కుప్ప పోసి ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ కుప్ప అక్కడే కుళ్లితే అది పీల్చుకున్న పోషకాలన్నీ మొదటి వానకే మళ్లీ చెరువులోకి జారతాయి. లాగినప్పుడు అక్కడి నుంచి తరలించాలి, లేదంటే లాగకపోయినా ఒకటే. నెక్నాంపూర్ చెరువులో వేరే దారి పట్టారు. తెప్పల మీద మొక్కలు పెంచి నీళ్లలో తేలేలా వదిలారు, వాటి వేళ్లు ఆ పోషకాలను పీల్చుకుంటాయి. అది కూడా పైనుంచి వచ్చే మురుగు కొంతైనా అదుపులో ఉన్నప్పుడే పనిచేస్తుంది.

కాబట్టి రెండు గంటల్లో నింపిన సంచుల వల్ల నీళ్లు తేటపడతాయని పిల్లలకు చెప్పడం అబద్ధం. ఈ ఏరే పనిలో ఇంకేముందో చెప్పాలి, ఎందుకంటే ఉన్నది తక్కువేం కాదు.

కట్ట మీద ఏ యాభై అడుగుల మేర చూసినా దాదాపు ఒకే సరుకు. వాటర్ ప్యాకెట్లు, నలిగిన డిస్పోజబుల్ గ్లాసులు, మిక్చర్ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, గుట్కా పౌచ్‌లు, థర్మకోల్ ప్లేట్లు, మట్టిలో సగం కూరుకుపోయిన పల్చటి క్యారీబ్యాగులు. కవర్‌ను లాగితే పై సగం చేతికొస్తుంది, కింది సగం మట్టిలోనే ఉండిపోతుంది. ఎండకు ఎండి పెళుసెక్కిన కవరైతే చేతిలోనే పొడి పొడిగా రాలుతుంది. అలా రాలాక దాన్ని ఎవరూ ఏరలేరు. మనిషి చేత్తో ఏరడంలో నిజమైన లాభం ఇక్కడుంది. ముక్కలు కాకముందే అందుకోవడం యంత్రాల కంటే వేళ్లకే బాగా తెలుసు.

కనిపించని సరుకు గురించి కూడా అడగాలి. నీళ్ల బాటిళ్లు అంతగా ఉండవు. బీరు డబ్బాలు, అట్టపెట్టెలు, ఇనుప ముక్కలు దాదాపు ఉండవు. గణేశ్ నిమజ్జనం అయ్యాక విగ్రహాల్లోని ఇనుప చువ్వల కోసం నీళ్లలోకి దిగేవాళ్లు కూడా ఉన్నారు. తెల్లారకముందే చిత్తు ఏరుకునేవాళ్లు వచ్చి కబాడీ షాపులో కిలోకింత అని ధర పలికే ప్రతిదాన్నీ పట్టుకుపోతారు. వలంటీర్లు వచ్చేసరికి మిగిలేది ధర లేని సరుకు. చిప్స్ కవర్‌లో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పూత అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడానికి అయ్యే ఖర్చు వచ్చే డబ్బుకంటే ఎక్కువ, అందుకే ఏ కబాడీవాడూ ముట్టుకోడు. అంటే ఆదివారం సంచిలో పడేది జనం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, తయారుచేసేటప్పుడే తిరిగి తీసుకునే దారి ఆలోచించని ప్యాకింగ్ కూడా.

చట్టాలకు కొదవ లేదు. గుట్కా, పాన్ మసాలా ప్లాస్టిక్ పౌచ్‌లలో అమ్మకూడదని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మకోల్ లాంటివి నిషేధం. 2022 డిసెంబరు 31 నుంచి క్యారీబ్యాగ్ మందం 120 మైక్రాన్లకు తక్కువ ఉండకూడదు. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను తయారీదారులే వెనక్కి తీసుకుని వదిలించాలన్న బాధ్యత కూడా అదే ఏడాది మార్గదర్శకాల్లో వచ్చింది. ఇవన్నీ ఉండగా కట్ట మీద నిషేధిత సరుకే ఎక్కువగా దొరుకుతోందంటే, అది ఏ బ్రాండుది, ఏ సైజుది, ఎన్ని అని రాసిన కాగితానికి విలువ వస్తుంది. ఆరో తరగతి పిల్ల గీతలు గీసి లెక్కపెట్టగల పని ఇది. నాన్న ఏరుతుంటే కూతురు రాయడం, అరగంటకోసారి మార్చుకోవడం. పది సంచుల ఫొటో చూసి వార్డు ఆఫీసులో ఎవరైనా శభాష్ అంటారు. పక్క గల్లీలోని ఫలానా రకం షాపుల్లో అమ్ముడయ్యే పౌచ్‌లు ఇన్ని వందలు అని లెక్క చూపిస్తే మాత్రం సమాధానం చెప్పాల్సి వస్తుంది.

ఇక్కడే నాన్నలకు కాస్త ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. పాలిథిన్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, మిక్చర్ కవరు, క్వార్టర్ సీసా మూత ఒకేచోట గుంపుగా దొరికితే తొమ్మిదేళ్ల పిల్లాడు ఊరుకోడు. "ఇక్కడ ఎవరు కూర్చుని తాగుతారు నాన్నా?" అంటాడు. రాత్రిపూట కట్టల మీద జరిగే సిట్టింగులు మగవాళ్లవి. ఆ మిగులు దాదాపు అంతా మగవాళ్ల చెత్త. ఇంట్లో చెత్త డబ్బా ఆడవాళ్ల పని, బయట చెత్త పారేయడం మగవాళ్ల స్వేచ్ఛ అన్నట్టు నడిచే ఊళ్లో, ఒక మగవాడు కొడుకు ముందు వంగి గాజు పెంకు ఏరడం చిన్న విషయం కాదు. అలాగని నాన్న అక్కడే సిగరెట్ ముట్టించి పీకను పొదల్లోకి విసిరితే అంతా గోవిందా. సిగరెట్ ఫిల్టరు దూదిలా కనిపిస్తుంది గానీ అది కూడా ప్లాస్టికే.

కట్ట మీద దొరికే మరో రకం చెత్త ఇంకా దగ్గరిది. ముడి వేసిన నల్ల కవరో, స్వీటు షాపు కవరో నీటి అంచున కనిపిస్తుంది. విప్పితే వాడిన చామంతులు, తమలపాకులు, కొబ్బరి పీచు, అగరుబత్తి పెట్టె, ఒక్కోసారి పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించిన దేవుడి బొమ్మ, గాజు పగిలిన పటం. దేవుడికి పెట్టిన పూలు చెత్తలో వేయకూడదన్న భక్తితో ఎవరో ఇంట్లోంచి జాగ్రత్తగా మూటగట్టి, బండి ఆపి, నీళ్లలోకి విసిరినవి. పూలు నాలుగు రోజుల్లో కుళ్లి కలిసిపోతాయి, కవరే కలవదు. తంగేడు, గునుగు పూలతో పేర్చి నీళ్లలో కలిపే బతుకమ్మ పండుగ ఉన్న ప్రాంతం ఇది. పువ్వు నీళ్లలో పడటం తప్పు కాదు, తప్పంతా ప్లాస్టిక్ కవర్ మధ్యలోకి రావడం. ఇలాంటి మూట ఒకటి విప్పిన పిల్లలకు తమ ఇంట్లో నిర్మాల్యం ఎక్కడికి వెళ్తోందో అప్పుడే గుర్తొస్తుంది. నానమ్మతో ఈ సంగతి మాట్లాడాల్సింది ఎవరు, నాన్నా అమ్మా అన్నది ఆ ఇంటి లెక్క. బాల్కనీలో ఒక కుండీ పెట్టి అందులో పూలు వేసి మట్టి కప్పితే తులసి మొక్కకే ఎరువు అవుతుంది, అపచారం అన్న మాటా రాదు.

చెరువు శుభ్రం ఫలితం చెరువు దగ్గర కంటే ఇంట్లోనే ఎక్కువ కనిపించాలి అనడానికి ఇంకో కారణం ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తే, పాలుపంచుకునే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఈ 289లోకే వస్తుంది. స్వచ్ఛ ఆటో పాట వినపడగానే రెండు బకెట్లు పట్టుకుని మెట్లు దిగేది ఎవరో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా తెలిసిపోతుంది. ఆదివారం కట్ట మీద గ్లవ్స్ వేసుకున్న నాన్న సోమవారం పొద్దున ఆ బకెట్ ముట్టుకోకపోతే, చెత్త ఏరడం అనేది ఫొటో ఉన్న చోట మగవాడి పని, ఫొటో లేని చోట అమ్మ పని అని పిల్లలకు అర్థమవుతుంది. పిల్లలు ఇలాంటివి చాలా త్వరగా పట్టేస్తారు.

నేర్పేది పెద్దలు, నేర్చుకునేది పిల్లలు అన్న లెక్క కూడా ఎప్పుడూ నిజం కాదు. అమెరికాలోని నార్త్ కరోలైనా తీరప్రాంతంలో చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. బడిలో వాతావరణ మార్పు గురించి నేర్చుకున్న పిల్లల వల్ల వాళ్ల తల్లిదండ్రుల్లోనూ దాని పట్ల పట్టింపు పెరిగిందని అందులో తేలింది. ఆ మార్పు తండ్రుల్లోనూ, రాజకీయంగా సంప్రదాయవాదులైన వాళ్లలోనూ ఎక్కువగా కనిపించింది. కొడుకుల కంటే కూతుళ్లు చెప్పినప్పుడు ఎక్కువ పనిచేసింది. అది వాతావరణం గురించిన అధ్యయనం, చెత్త గురించి కాదు. అమెరికా ఇళ్లు వేరు, మన ఇళ్లు వేరు. అయినా కూతురు అడిగితే కాదనలేని నాన్నలు మన దగ్గరేం తక్కువ? ఆఫీసులో, కాలనీ మీటింగులో ఎవరి మాటా వినని మనిషి ఇంటికొచ్చి "డాడీ, మళ్లీ కవర్ తెచ్చావా?" అన్న ఒక్క మాటకు డిక్కీలో గుడ్డ సంచి పెట్టుకోవడం మొదలుపెడతాడు.

ఈ పనిలో మనవాళ్లు ఎక్కువగా దాటవేసే సంగతి కులం. ఊరి చెత్త ఎత్తే పని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టిన దేశం ఇది. నగరంలో రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది దళిత మహిళలు, అవుట్‌సోర్సింగ్ జీతాల మీద చీకటి ఉండగానే పనిలోకి వచ్చేవాళ్లు. వాళ్లు రోజూ చేసే పనినే మధ్యతరగతి కుటుంబం నెలకోసారి చేస్తే దానికి సేవ అన్న పేరు, టీషర్టు, సర్టిఫికెట్ వస్తాయి. దీన్ని కాదనుకుని పిల్లలకు శ్రమ గౌరవం గురించి ఉపన్యాసం ఇస్తే లాభం లేదు. అదే కట్టను రోజూ ఊడ్చే మనిషి పేరు తెలుసుకోవడం, ఆమెను "అక్కా" అని పిలిచి ఎక్కడ చెత్త ఎక్కువ పడుతుందో, ఎప్పుడు పడుతుందో అడగడం మేలు. ఆ చెరువు గురించి కాలనీ సంఘం అధ్యక్షుడి కంటే ఆమెకే బాగా తెలుసు. వలంటీర్లకు పంచే గ్లవ్స్ లాంటివే ఆమె చేతికి ఉన్నాయా అని పిల్లలు అడిగితే, ఆ ప్రశ్నను పట్టుకుని కాంట్రాక్టర్ దాకా వెళ్లాల్సింది నాన్నలు.

జాగ్రత్తల విషయానికొస్తే ముఖ్యమైనవి కొన్నే. పెద్దల గ్లవ్స్ పిల్లల చేతికి వదులై వేళ్ల కొసలు మడత పడతాయి, పట్టు చిక్కక చివరికి తీసేసి ఉత్త చేతులతో ఏరతారు. పిల్లల సైజువి దొరక్కపోతే పొడవాటి పట్టకారు ఇవ్వడం నయం. చెప్పులు వద్దు, బూట్లు కావాలి. సిరంజీలు, గాజు, మూత పెట్టిన సీసాలు, వాడిన డైపర్లు పెద్దలే తీయాలి. మురుగు కలిసే చోట నీళ్లను పిల్లలు అసలు ముట్టుకోకూడదు, అక్కడి నీటితో వచ్చే జబ్బుల్లో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ఉంది. గుబురు గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి, పాముల టెన్షన్ ఊరికే రాలేదు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకుని బయల్దేరాలి.

తేదీ విషయంలో మాత్రం ప్రపంచంతో పాటు సెప్టెంబరు మూడో శనివారమే పట్టుకు వేలాడక్కర్లేదు. హైదరాబాద్‌లో అది చాలా ఏళ్లు నిమజ్జనం హడావిడిలో కలిసిపోతుంది. అప్పుడు మున్సిపాలిటీ బండ్లు, క్రేన్లు, మనుషులు ఎలాగూ కట్టల మీదే ఉంటారు. ఈ ఊరికి అసలైన సమయం మే ఆఖరు. జూన్ రెండో వారానికి రుతుపవనాలు వస్తాయి. ఎండాకాలమంతా నాలాల్లో పేరుకున్న కవర్లను మొదటి పెద్ద వాన ఒక్క దెబ్బకు చెరువులోకి తోసేస్తుంది. దానికి ముందే చెరువులో నాలా కలిసే మూతి దగ్గర, అలుగు దగ్గర పని జరిగితే కట్ట పొడవునా తిరిగి ఏరిన దానికంటే ఎక్కువ ఫలితం. అప్పటికి బడులింకా తెరవరు. ఎండల వల్ల ఆరు గంటలకే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించాలి, అంతే.

ఇదంతా సముద్రాన్ని కాపాడటమేనని ఉత్సాహంగా చెప్పేవాళ్లున్నారు. నది దారి చూస్తే ఆ మాట సగమే నిజం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరం చెత్తను మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈలోపు దారిలో కత్వలున్నాయి (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు), సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు ఉంది. కృష్ణలో కలిశాక పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటితే తప్ప కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి కనిపించదు. సముద్రానికి చేరే నదీ ప్లాస్టిక్‌లో 80 శాతానికి వెయ్యికి పైగా నదులు కారణమని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం తీరానికి దగ్గర్లో ఊళ్ల మధ్యగా పారే చిన్న నదులది. దూరం, ఆనకట్టలు ప్లాస్టిక్‌ను మధ్యలోనే ఆపేస్తాయి. కాబట్టి హైదరాబాద్ కవర్‌లో ఎక్కువ వంతు బంగాళాఖాతం దాకా వెళ్లకుండా నల్లగొండ, సూర్యాపేట రైతు పొలం గట్టున, గేదె కడుపులో తేలుతుంది. పిల్లలకు తాబేలు బొమ్మ చూపించడం తేలిక. మూసీ కింది ఊళ్ల కథ చెప్పడం ఇంకా సరైనది.

తీరం శుభ్రం చేసే పనికి మన దేశంలో పెద్ద పేరు తెచ్చింది ముంబై వర్సోవా బీచ్. 2015 అక్టోబరులో లాయర్ అఫ్రోజ్ షా ఏరడం మొదలుపెడితే వారం వారం జనం తోడయ్యారు. 2016లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. 2018 మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు ఆ ఇసుకలోంచి సముద్రంలోకి వెళ్లాయి. మధ్యలో 2017 నవంబరులో ఆయన ఈ పనిని కొంతకాలం ఆపేసిన సంగతి మాత్రం తక్కువ మంది చెప్పుకుంటారు. వలంటీర్లను కొందరు వేధించడం ఒక కారణమైతే, ఏరి కుప్పలు పోసిన చెత్తను మున్సిపాలిటీ తీసుకెళ్లకపోవడం రెండో కారణం.

హైదరాబాద్ కట్టల మీద కూడా పని తేలిపోయేది ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నానికి సంచులన్నీ కట్ట చివర వరసగా ఉంటాయి, బండి రాదు. సాయంత్రానికి కుక్కలు చింపుతాయి, సోమవారానికి సగం చెత్త మళ్లీ నీటి అంచుకు చేరుతుంది. అందుకే వాట్సాప్ గ్రూపులో పోస్టరు పెట్టే ముందే శానిటేషన్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి బండి ఎన్ని గంటలకు వస్తుందో, సంచులు డంపింగ్ యార్డుకు పోతాయా, పొడి చెత్త సేకరణ కేంద్రానికి పోతాయా తేల్చుకోవాలి. తడి, పొడి, గాజు అని కట్ట మీదే మూడు రకాలుగా వేరు చేస్తే పొడి చెత్త కేంద్రం వాళ్లు తీసుకోవడానికి అంతగా వెనకాడరు. బండి ఖాయం కాని వారం ఏరడం మానేసి, పిల్లలతో కలిసి లెక్క ఒక్కటే రాసుకొచ్చినా సరిపోతుంది.